ఒక్కసారి బండి కార్పెట్ ఎత్తి చూడండి



ఈసారి పోస్టు పంట గురించి కాదు, ఇంటి ముందు నిలబెట్టుకునే బండి గురించి. కొంచెం పెద్దదే రాశాను, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

మన ఊళ్లలో బండికి ఒక్క పని ఉండదు. పొద్దున యూరియా కట్టలు తెస్తుంది, మధ్యాహ్నం పిల్లల్ని బడి నుంచి తెస్తుంది, సాయంత్రం పెళ్లికి పోతుంది. అర్ధరాత్రి ఎవరికైనా బాగోకపోతే అదే అంబులెన్సు. మందు డబ్బాలు, మిర్చి టిక్కీలు, స్ప్రేయర్లు, తడిసిన పట్టాలు, డీజిల్ క్యాన్లు అన్నీ అందులోనే. సీట్లు దులుపుతాం, అద్దాలు తుడుస్తాం, పైన పైపు పెట్టి కడుగుతాం. కాళ్ల కింద కార్పెట్ జోలికి మాత్రం ఎవరం పోము. దాన్ని ఎత్తి చూసినవాళ్లు మన చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారో మీరే లెక్కేసుకోండి.

మొన్న మే నెలలో, కాయ అమ్ముకుని నాలుగు రోజులు ఖాళీ దొరికాక, మా బండి కార్పెట్ మొత్తం పీకేశాం. కింద రేకు బాగు చేయించి, శబ్దం తగ్గించే షీట్లు అంటించి, కొత్త కార్పెట్ వేశాం. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివిన మా మేనల్లుడు తోడున్నాడు. "ఎందుకన్నా ఈ షోకులు, పాత బండికి" అని ఊళ్లో చాలామంది నవ్వారు. ఇది షోకు ఎందుకు కాదో చెప్పడానికే ఈ పోస్టు.

ముందు మా బండి సంగతి

ఏడుగురు కూర్చునే పాత డీజిల్ బండి, పదమూడేళ్లది. కంపెనీ పేరు అనవసరం, ఆ వయసు బండ్లన్నీ దాదాపు ఇంతే. మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. మాకంటే ముందు వాడినాయనది ఎరువులు, పురుగుమందుల వ్యాపారం. ఇంజను గట్టిది, బేరం కుదిరింది, తెచ్చుకున్నాం. రెండు బాధలు మాత్రం మొదటి నుంచీ ఉన్నాయి.

ఒకటి వాసన. ఎండలో నిలబెట్టి తలుపు తీస్తే మందు వాసన గుప్పుమనేది. వానాకాలంలో ముగ్గిపోయిన గోనెసంచి వాసన. ఏసీ వేస్తే వెనక కూర్చున్న పిల్లలకు తుమ్ములు.

రెండోది శబ్దం. గుంటూరు రోడ్డు ఎక్కి అరవై దాటితే ముందు సీట్లో ఉన్న నేను, మధ్య సీట్లో ఉన్న మా ఆవిడ ఒకరి మాట ఒకరికి వినబడాలంటే అరుచుకోవాల్సిందే. దూరం నుంచి చూసేవాళ్లు పోట్లాడుకుంటున్నాం అనుకుంటారు.

మా నాన్నకు డెబ్బై నాలుగేళ్లు. నలభై ఏళ్లు ట్రాక్టరు మీద, ఆయిల్ ఇంజన్ల పక్కన గడిపిన మనిషి. రెండు చెవులూ మందగించాయి. రెండేళ్ల కిందట చెవి మిషన్ పెట్టించాం. ఇంట్లో బాగానే పెట్టుకుంటాడు, అరుగు మీద కూర్చుని అందరితో మాట్లాడతాడు. బండి ఎక్కగానే మాత్రం మిషన్ తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఎందుకు నాన్నా అంటే, "అది పెట్టుకుంటే ఇంజను వచ్చి నా చెవిలోనే కూర్చుంటుందిరా" అనేవాడు. నెలకోసారి గుంటూరు డాక్టరు దగ్గరకు పోయి రావాలి. పోయేటప్పుడు గంటన్నర, వచ్చేటప్పుడు గంటన్నర, కిటికీలోంచి బయటకు చూస్తూ ఒక్కడే కూర్చున్నట్టు కూర్చునేవాడు. నాకు ఈ పని మీద పట్టుదల వచ్చింది అందుకే.

కార్పెట్ కింద ఏముంది

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ వైరు తీసేయాలి. మా బండికి ఎయిర్‌బ్యాగులు లేవు. మీ బండికి ఉంటే సీట్ల కింద పసుపు రంగు సాకెట్లు కనబడతాయి. బ్యాటరీ వైరు తీశాక కొన్ని నిమిషాలు ఆగి, తెలిసిన మెకానిక్ చేతనే అవి తీయించండి. సీట్ల బోల్టులు, సీటు బెల్టు బోల్టులు, గేరు రాడ్డు చుట్టూ ఉండే పెట్టె, గుమ్మాల దగ్గర ప్లాస్టిక్ పట్టీలు వరుసగా ఊడదీయాలి. ప్రతిదీ ఊడదీసే ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఏ బోల్టు ఎక్కడిదో పాత టీ కప్పుల్లో వేసి పేరు రాసి పెట్టండి. ఇంతకంటే పెద్ద విద్య ఏం లేదు ఇందులో.

చేతులకు రబ్బరు గ్లౌజులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఎందుకో చెప్తాను.

కార్పెట్ అంటే మనకు పైన కనిపించే నల్ల గుడ్డ ఒక్కటే కాదు. దాని కింద వేలు మందాన దూదిలాంటి ఫెల్ట్ ఉంటుంది. పాత బట్టలు చించి ఒత్తి చేసినట్టుండే సరుకు. అది నీళ్లు పీల్చుకుంటే వదలదు. పైన చేత్తో తడిమితే పొడిగానే ఉంటుంది, కింద నెలల తరబడి తడి.

మా బండిలో వెనక భాగం ఫెల్ట్ ఎత్తితే ముద్దలా విరిగి చేతికొచ్చింది. కింద రేకు మీద తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు పొర, దాని కింద తుప్పు పెచ్చులు. మా మేనల్లుడు స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పొడిస్తే అవతలకు దిగిపోయింది. "మావయ్యా, ఇటు చూడు, కింద నేల కనబడుతోంది" అన్నాడు. రెండు అరచేతులంత రేకు పేరుకే ఉంది.

ఇలా ఎందుకవుతుందో మనకు తెలిసిందే, మన ఇంటి కొట్టంలోనే చూస్తాం. ఎరువు కట్టలు పేర్చిన చోట గోడకు కొట్టిన మేకులు, తలుపు గొళ్లెం ఎలా తినేస్తాయో గమనించారు కదా. యూరియా గాలిలో తేమను లాక్కుంటుంది. పొటాష్‌లో ఉండే క్లోరైడు ఇనుముకు ఉప్పులాగే శత్రువు. కట్టకు చిన్న చిల్లు పడి గుప్పెడు గింజలు కార్పెట్లో దిగితే చాలు. వానాకాలంలో తడి కాళ్లతో ఎక్కే నీళ్లతో అవి కరిగి, ఫెల్ట్‌లో ఇంకి, రేకు మీద ఉప్పునీళ్ల గుడ్డ కప్పినట్టు కూర్చుంటాయి. పైన కార్పెట్ కొత్తదిలా మెరుస్తూ ఉంటుంది. కింద బండి కరిగిపోతూ ఉంటుంది.

మధ్య సీటు కింద ఇంకొకటి కనబడింది. జిడ్డుగా, గోధుమ రంగు మరక, చేటంత. మందు ఎప్పుడో కారినట్టుంది. ఈసీ అని రాసి ఉండే మందుల్లో నూనెలాంటి ద్రావకం ఉంటుంది కాబట్టి ఫెల్ట్‌కు పట్టుకుందంటే పోదు. వేసవిలో తలుపులు మూసి ఎండలో పెట్టిన బండి లోపల ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. ఆ వేడికి ఆవిరి లేచి అదే గాలి లోపలున్నవాళ్లు పీల్చాలి. పురుగుమందుల్లో చాలావాటికి నోటి ద్వారానే కాదు, ఊపిరి ద్వారా, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి పోయే గుణం ఉంది. మా పిల్లలు చెప్పులు విడిచి కాళ్లు పెట్టుకునేది సరిగ్గా ఆ చోటే. ఆ మరక చూశాక ఖర్చు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

ఇక దులిపితే ఎర్రటి పొడి. మిర్చి టిక్కీలు మోసిన బండి కదా. పిల్లల తుమ్ములకు కారణం అదే.

ఆ పాత కార్పెట్‌ను ఏం చేయాలి? చెరువులోనో కాలవలోనో ఉతకొద్దు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొంచెం కలిసినా చేపలు బతకవు, గొడ్లు తాగే నీళ్లు అవి. తగలబెట్టనూ వద్దు, ఆ పొగ ఇంకా చెడ్డది. ఉతికి మళ్లీ వాడదామనీ అనుకోవద్దు. మేము రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూతి గట్టిగా కట్టి, టౌన్‌లో చెత్త తీసుకెళ్లే వాళ్లకు లోపల ఏముందో చెప్పి ఇచ్చాం.

తడి ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టాలి

ఇది చూసుకోకుండా కొత్త కార్పెట్ వేస్తే గండి పూడ్చకుండా చేలో నీళ్లు తోడినట్టే. బండి ఖాళీగా ఉన్నప్పుడే లోపల ఒకరు టార్చిలైటు పట్టుకుని కూర్చోవాలి, బయట ఒకరు పైపుతో అద్దాల చుట్టూ, తలుపుల చుట్టూ నీళ్లు పట్టాలి. మాకు రెండు చోట్ల దొరికింది. వెనక తలుపు బీడింగ్ రబ్బరు ఎండి పగిలిపోయింది. ఏసీ నీళ్లు బయటకు పోయే సన్న గొట్టం దుమ్ముతో పూడిపోయి, ఆ నీళ్లు ముందు ఎడమ పక్క కాళ్ల దగ్గర లోపలికే కారుతున్నాయి. బీడింగ్ మార్చాం, గొట్టం ఊది శుభ్రం చేశాం. చాలా బండ్లలో ఎడమ కాళ్ల దగ్గర తడికి ఈ గొట్టమే కారణం. మీ బండి ఏసీ వేసుకుని పది నిమిషాలు నిలబెడితే కింద నేల మీద నీటి చుక్కలు పడాలి. పడకపోతే అనుమానించండి.

రేకు పని

పైపై తుప్పును వైరు బ్రష్‌తో గీకి, తుప్పును నల్లగా మార్చే రసాయనం పూసి, ఆరాక ప్రైమరు, దానిమీద పెయింటు రెండు కోట్లు వేశాం. ఆ రసాయనంలో ఎక్కువగా ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది. అది తుప్పుతో కలిసి గట్టి పొరగా మారుతుంది. వదులుగా ఉన్న పెచ్చులు గీకకుండా పైన పూస్తే మాత్రం ఏ ఉపయోగం లేదు.

చిల్లు పడిన చోట టింకరింగ్ షాపులో కుళ్లిన రేకు కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించాం. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ వైరు తీసి ఉండాలి, ఆ చుట్టుపక్కల వైర్లు, డీజిల్ పైపులు ఎక్కడున్నాయో కింద నుంచి చూసుకోవాలి, పక్కన నీళ్ల బకెట్, ఇసుక ఉండాలి. షీట్లు, ఫోమ్ అంటించాక వెల్డింగ్ పెట్టకూడదు. అందుకే వరుస తప్పొద్దు.

ఈ చిల్లుల గురించి ఇంకో మాట. వాటిలోంచి శబ్దం, దుమ్ము మాత్రమే రావు. సైలెన్సర్ ఎక్కడైనా లీకవుతుంటే ఆ పొగ కూడా లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అద్దాలు మూసి ఏసీ వేసుకుని పోతున్నప్పుడు తలనొప్పి, కళ్లు తిరగడం, పిల్లలకు వాంతి వస్తున్నట్టు ఉంటే ఎండ వల్ల అని కొట్టిపారేయకండి. అద్దాలు దించండి, బండి దిగండి. తర్వాత కింద నుంచి సైలెన్సర్, ఫ్లోర్ రెండూ చూపించండి.

శబ్దం ఎలా తగ్గుతుంది

షాపుకు పోతే "డ్యాంపింగ్ చేయిస్తాం సార్, బండి గుడిలా అయిపోతుంది" అంటారు. ఎంత ఎక్కువ షీటు అంటిస్తే వాళ్లకు అంత లాభం. అందుకే ముందు మనకు లెక్క తెలియాలి.

అన్నిటికంటే ముందు శబ్దం పుట్టే చోట చూడాలి. సైలెన్సర్ లీకు, ఇంజను కింద రబ్బరు మౌంట్లు, అరిగిపోయిన టైర్లు, వదులుగా ఊగే ప్లాస్టిక్కులు. ఇవి బాగు చేయకుండా ఎన్ని షీట్లు వేసినా కారే కుండకు బయట మెత్తినట్టే. మా బండికి ఒక ఇంజను మౌంటు పగిలి ఉంది. అది మార్చగానే స్టీరింగ్ వణుకు సగానికి సగం పోయింది. ఇంకా షీటు ఒక్కటీ వేయకముందే.

ఆ తర్వాత మూడు రకాల సరుకు, మూడు వేర్వేరు పనులు.

మొదటిది రేకు మోత ఆపేది. స్టీలు కంచం కింద పడితే ఖంగుమని మోగుతూనే ఉంటుంది. దాని మీద చెయ్యి వేస్తే టక్కున ఆగుతుంది. బండి ఫ్లోరు, తలుపులు, పైకప్పు అన్నీ పెద్ద పెద్ద కంచాలే. ఇంజను వణుకుకు, రోడ్డు కుదుపుకు మోగుతుంటాయి. వాటి మీద చెయ్యి వేసినట్టు పనిచేసేది బ్యూటైల్ రబ్బరు షీటు. ఒక పక్క అల్యూమినియం రేకు, ఒక పక్క జిగురు, రెండు మిల్లీమీటర్ల మందం. ఆ వణుకును తనలో పీల్చుకుని కొద్దిపాటి వేడిగా మార్చేస్తుంది. దీన్ని సందు లేకుండా పరవాల్సిన పని లేదు. ఒక్కో రేకులో పావు వంతు నుంచి సగం వరకు, మధ్య భాగంలో అంటిస్తే పని జరిగిపోతుంది. వేళ్ల కణుపులతో కొట్టి చూడండి. డబ్బాలా మోగితే అక్కడ కావాలి, చెక్కలా డబ్‌మంటే అక్కర్లేదు.

రెండోది బయటి శబ్దాన్ని అడ్డుకునేది. ఇది బరువుగా ఉండాలి, సందు లేకుండా ఉండాలి. బరువైన వినైల్ షీటు ఇందుకు వాడతారు. శబ్దం కూడా నీళ్లలాంటిదే, సందు దొరికితే చాలు. ఒక గోడలో నూటికి ఒక్క వంతు సందున్నా ఆ గోడ ఎంత మందంగా కట్టినా 20 డెసిబెల్స్ మించి ఆపలేదు. కాబట్టి ఖరీదైన షీటు కొనే ముందు సందులు మూయండి. ఇంజనుకీ మనకీ మధ్య ఉండే రేకులో వైర్లు వచ్చే చోట రబ్బరు బిరడాలు ఊడిపోయి ఉంటాయి. మాకు మూడు లేవు. అవి వేయడానికి వందల్లో కూడా ఖర్చు కాలేదు. డీజిల్ టకటక అక్కడి నుంచే నేరుగా మోకాళ్ల మీదకు వచ్చేది.

మూడోది ఆ రెండిటి మధ్య మెత్తగా ఉండే ఫోమ్. నీళ్లు పీల్చని రకమే కొనాలి. దుకాణంలో ఒక ముక్క అడిగి తీసుకుని నీళ్లలో ముంచి పిండండి. పిండితే నీళ్లు కారాయంటే అది మనకు పనికిరాదు.

వాడకూడనివి కూడా చెప్తాను. గోనెసంచులు, పాత దుప్పట్లు, పరుపు స్పాంజి కార్పెట్ కింద వేసేవాళ్లు మనలో ఉన్నారు. శబ్దం కాస్త తగ్గిన మాట నిజమే, తడి పట్టి రేకును తినేస్తుంది, ఎలుకలు గూడు కడతాయి. ఇంటి పైకప్పుకు వేసే తారు షీట్లు చవకగా వస్తాయి. మన ఎండలకు అవి మెత్తబడి జారతాయి, లోపలంతా తారు వాసన. అసలే ఒక వాసన వదిలించుకోవడానికి మొదలుపెట్టిన పని ఇది.

అంటించేటప్పుడు రేకు మీద జిడ్డు, దుమ్ము ఏమాత్రం ఉండకూడదు. థిన్నరు గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. తలుపులన్నీ తీసిపెట్టి చేయండి, దగ్గర్లో బీడీ వెలిగించకుండా చూసుకోండి. చిన్న రోలరుతో గట్టిగా ఒత్తాలి, కింద గాలి బుడగ మిగిలితే అక్కడ తేమ చేరుతుంది. షీటు అంచులు బ్లేడులా కోస్తాయి, జాగ్రత్త. ఫ్లోరులో రబ్బరు బిరడాలు, బోల్టు రంధ్రాలు, వైర్ల మీద షీటు అంటించొద్దు. తలుపుల్లో కింది అంచున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. వాటిని మూశారంటే తలుపు లోపల నీళ్లు నిలిచి కుళ్లిపోతుంది.

కార్పెట్ ఏది వేయాలి

మూడు దారులున్నాయి. బండి మోడలుకు సరిపోయేలా అచ్చు పోసిన కార్పెట్, మీటర్ల లెక్కన కొని కత్తిరించుకునేది, కడుక్కోవడానికి వీలైన వినైల్. విజయవాడ ఆటోనగర్‌లోనూ, గుంటూరులో సీటు కవర్లు కుట్టే షాపుల్లోనూ ఇవి దొరుకుతాయి.

మేము రెండు కలిపాం. ముందు, మధ్య వరుసలకు మీటర్ల కార్పెట్, దానిమీద అంచులు పైకి లేచి ఉండే రబ్బరు ట్రేలు. బురద, నీళ్లు ట్రేలోనే ఆగుతాయి, ఎత్తి దులిపేస్తే సరి. వెనక సామాను వేసే చోట కార్పెట్టే వద్దనుకున్నాం. అక్కడ వినైల్. పాత కార్పెట్ ముక్కల్నే కొలతగా కింద పరిచి, సుద్దతో గీసుకుని, రెండు వేళ్లు ఎక్కువ ఉంచి కోశాం. బోల్టు రంధ్రాలు చివర్లో, ఒక్కొక్కటే.

కార్పెట్‌ను జిగురుతో అంటించవద్దు అని షాపాయనకు గట్టిగా చెప్పాం. అంటిస్తే చూడ్డానికి బిగుతుగా బాగుంటుంది గానీ మళ్లీ ఎత్తి చూడటం కుదరదు. మనకు కావాల్సింది ఎత్తి చూడగలిగేదే. సీటు బెల్టు బోల్టులు, సీటు బోల్టులు మాత్రం మెకానిక్ చేత సరైన బిగుతుకు బిగించుకోండి. అవి ప్రాణం కాపాడేవి, పానాతో ఉజ్జాయింపుగా వదిలేసేవి కావు.

ఖర్చు, ఫలితం

టింకరింగ్, బీడింగ్, ఇంజను మౌంటు, షీట్లు, ఫోమ్, కార్పెట్, ట్రేలు అన్నీ కలిపి మాకు పంతొమ్మిది వేలు దాటింది. సగం పని మేమే చేసుకున్నాం కాబట్టి అంత. నాలుగు రోజులు పట్టింది. పైకప్పుకు, తలుపులకు ఈసారి తక్కువ షీట్లే వేశాం. డబ్బు తక్కువుంటే వరుస ఇది: సందులు మూయడం, తుప్పు, ముందు ఫ్లోరు, ఇంజను వైపు రేకు. తలుపులు, పైకప్పు తర్వాత చూసుకోవచ్చు. ఎండ కాసే నెలల్లోనే చేయండి, ప్రతిదీ ఆరాలి.

ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి అదే రోడ్డు మీద, అరవై వేగంలో, అద్దాలు మూసి ముందూ తర్వాతా చూశాం. మునుపు 78 దగ్గర ఉండేది, ఇప్పుడు 73. ఫోన్ లెక్క కచ్చితం కాదు, తేడా తెలుసుకోవడానికి పనికొస్తుంది. ఐదే కదా అనుకోకండి. డెసిబెల్ లెక్కలో మూడు తగ్గితే శబ్ద శక్తి సగమైనట్టు. ఐదు తగ్గితే మూడో వంతుకు దగ్గర. బండి గుడిలా ఏం కాలేదు. టైర్ల హోరు ఉంది, డీజిల్ మోత ఉంది. మాట మాత్రం వినబడుతోంది.

జూన్‌లో నాన్నను డాక్టరు దగ్గరకు తీసుకుపోయాం. ఎప్పటిలాగే ఎక్కగానే మిషన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. మా ఆవిడ వెనక్కి తిరిగి, "ఒకసారి పెట్టుకుని చూడండి మావయ్యా" అంది. పెట్టుకున్నాడు. తీయలేదు.

ఊరు దాటాక నేనూ మా ఆవిడా దిగువ చేను గురించి మాట్లాడుకుంటున్నాం. ఈ ఏడు కౌలుకి ఇచ్చేద్దామా అని. వెనక నుంచి నాన్న అందుకున్నాడు. "ఆ చేను కౌలుకి ఇవ్వొద్దురా. ఆరేళ్ల నుంచి దాంట్లో మిర్చే వేస్తున్నారు, అందుకే మొక్క వడలిపోతోంది. ఒక ఏడు జొన్న వెయ్యి, నేల మారుతుంది" అన్నాడు. ఆ తర్వాత సత్తెనపల్లి నుంచి గుంటూరు దాకా ఆపలేదు. ఏ బోరు ఎన్ని అడుగుల్లో పడిందో, ఏ గట్టు ఎవరితో తగాదా పడి వేశారో, నాకు తెలియనివి కూడా చెప్పాడు. దిగువ చేలో ఈసారి జొన్నే వేస్తున్నాం.

ఆయన చెవులు వెనక్కి రావు. శబ్దం వల్ల దెబ్బతిన్న లోపలి చెవి కణాలు మళ్లీ పుట్టవు. మిగిలింది మనమే. రోజుకు ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ హద్దు అని అమెరికాలో ఆరోగ్య భద్రత చూసే నియోష్ సంస్థ చెబుతుంది. దాని మీద ప్రతి మూడుకూ సమయం సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండే. క్యాబిన్ లేని ట్రాక్టరు మీద బరువు పనిలో 90 దాటడం మామూలే. దుక్కిలో మనం ఎన్ని గంటలు కూర్చుంటామో మనకే తెలుసు. చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు మందుల షాపులో పది, ఇరవై రూపాయలకు దొరుకుతాయి. బండికి పంతొమ్మిది వేలు పెట్టినా పెట్టకపోయినా, ట్రాక్టరు ఎక్కేటప్పుడు అవి పెట్టుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. మందు డబ్బాలు, ముఖ్యంగా ఎర్ర త్రికోణం, పసుపు త్రికోణం ఉన్నవి, మనుషులు కూర్చునే చోట పెట్టం. మూతున్న ప్లాస్టిక్ పెట్టెలో, వెనక వినైల్ మీద. ఆ ట్రిప్పులో బియ్యం, కూరగాయలు, దాణా ఎక్కించం. తినే సరుకుకు తగిలేలా పురుగుమందు మోయకూడదని 1971 నాటి పురుగుమందుల నియమాల్లోనే ఉంది. ఎరువు కట్టల కింద పట్టా పరుస్తాం. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వెనక ఒకసారి, కార్పెట్ ఎత్తి చేత్తో తడిమి చూస్తాం.

మీరేం కొనక్కర్లేదు, ఎవర్నీ పిలవక్కర్లేదు. ఈ ఆదివారం బండి నీడలో పెట్టి, డ్రైవరు పక్క సీటు దగ్గర గుమ్మం పట్టీ ఊడదీసి, కార్పెట్ మూల పైకి లేపి చెయ్యి లోపలికి పెట్టండి. పొడిగా ఉంటే సంతోషం. తడి తగిలితే మాత్రం వానలు ముదరకముందే పని మొదలుపెట్టండి. పిల్లలు కాళ్లు పెట్టుకునే చోటు అది.